పోపు పెడితే కూసే అలారం: ఏడు పాతవి దించి ఏడు కొత్తవి ఎక్కించాక

టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉన్న మా అమ్మాయి వాళ్ళింట్లో పోయిన నవంబరు ఆఖర్లో ఏడు స్మోక్ అలారాలు మార్చాం. ఐదు మామూలువి, ఒక్కోటి 29 డాలర్లు. రెండు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని కూడా పట్టేవి, ఒక్కోటి 54. మొత్తం 253, పన్ను వేరే. నాలుగు నెలలు వాడిన తర్వాత రాస్తున్నాను. ఐదు నక్షత్రాలకి నాలుగు ఇస్తాను.

కంపెనీ పేరు రాయడం లేదు. దించేసిన పాతవి కూడా ఆ కంపెనీవే. పేరు రాస్తే మెచ్చుకున్నానో తిట్టానో నాకే తేలదు. పైగా ఇక్కడ చూడాల్సింది కంపెనీని కాదు, లోపల ఏ రకం సెన్సార్ ఉంది, అది ఎక్కడ పెట్టారు అన్నది. అది తెలుసుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

నాది తెనాలి. 1985లో కరెంటు బోర్డు ఏపీఎస్ఈబీలో హెల్పర్‌గా చేరాను. బోర్డు ముక్కలై కంపెనీలయ్యాక కూడా అవే స్తంభాలు ఎక్కుతూ దిగుతూ లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. పోయిన అక్టోబరులో ఆరు నెలలు ఉండి పోదామని మా ఆవిడా నేనూ ఇక్కడికి వచ్చాం. కారు నడపడం రాదు, నడిచి వెళ్ళడానికి ఏమీ లేదు. ఇలాంటి మనిషికి ఇంట్లో ఒక ఫాల్ట్ దొరకడం అదృష్టమే అనుకోండి.

వచ్చిన మూడో రోజు మా ఆవిడ పప్పుచారుకి పోపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయ రంగు తిరిగింది, ఇంగువ పడింది. అంతే, పైనా కిందా అలారాలు ఒక్కసారి అరిచాయి. మా అల్లుడు కుర్చీలోంచి లేచి తువ్వాలు తీసి హాల్లో ఉన్నదాని కింద విసరడం మొదలుపెట్టాడు. మనవరాలు పరుగెత్తి వెనక తలుపు తీసింది. ఆఫీసు మీటింగులో ఉన్న అమ్మాయి మైకు నొక్కేసి చెవులు మూసుకుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరి డ్యూటీ వాళ్ళు చేశారు. నాకు అలారం కంటే వీళ్ళని చూసే భయమేసింది. అలారం మోగితే ఇంట్లో ఒక్కరు కూడా నిప్పు ఎక్కడుందా అని చూడలేదు.

"ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఇంతే మామయ్య గారూ, అలవాటైపోతుంది" అన్నాడు అల్లుడు.

మా ఆవిడ మాత్రం నొచ్చుకుంది. మర్నాటి నుంచి పోపు మానేసింది. పోపు లేని పప్పుచారు మూడు రోజులు తిన్నాం. నాలుగో రోజు నేను మనవరాలి దగ్గర ఒక నోటుబుక్కు అడిగి తీసుకున్నాను.

సబ్‌స్టేషన్‌లో లాగ్‌బుక్కు రాసినట్టే గీతలు గీశాను. తేదీ, టైము, పొయ్యి మీద ఏముంది, ఎవరైనా స్నానం చేస్తున్నారా, ఏసీ నడుస్తోందా హీటరా, చివరి గడిలో ఏది ముందు మోగింది. లైనులో తేడా పసిగట్టి కరెంటు ఆపించే పరికరాన్ని రిలే అంటారు. మా రోజుల్లో ఊరికే ట్రిప్పయ్యే 11 కేవీ ఫీడరు లైను గురించి ఎవరైనా "రిలే తప్పుగా పని చేస్తోంది సార్" అంటే మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఒప్పుకునేవారు కాదు. రిలే దేన్నో చూసింది, నువ్వు చూడలేదు, వెళ్ళి లైను నడిచి రా అనేవారు. కొమ్మ తగిలి ఉండొచ్చు, ఇన్సులేటరు చిట్లి ఉండొచ్చు, కాకి వాలి ఉండొచ్చు. ఇక్కడా అలాగే నడిచాను, మెట్లెక్కి దిగుతూ.

ముందు వీటి భాష తెలియాలి. మూడు కూతలు, ఆగి మళ్ళీ మూడు కూతలు అంటే పొగ. నాలుగు పొట్టి కూతలు, ఆగి మళ్ళీ నాలుగు అంటే కార్బన్ మోనాక్సైడ్. అప్పుడు కిటికీలు తెరుస్తూ, బర్నరు చూస్తూ కూర్చోకుండా అందరూ ఇంట్లోంచి బయటికి వెళ్ళి అత్యవసర సహాయానికి ఫోన్ చేయాలి. ఆ వాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. అర నిమిషానికో నిమిషానికో ఒక్క కిచ్ అంటే బ్యాటరీ అయిపోయింది, లేదా అలారానికే వయసైపోయింది. మా అమ్మాయి వాళ్ళు ఇన్నేళ్ళూ మూడింటినీ కలిపి "మళ్ళీ మొదలైంది" అనేవాళ్ళు.

తర్వాత, ఏడింట్లో దొంగ ఏది అన్నది. ఇక్కడి ఇళ్ళలో ఇవి ఇంటి కరెంటు మీద నడుస్తాయి, బ్యాటరీ తోడు ఉంటుంది, అన్నిటినీ ఒక తీగతో కలుపుతారు. ఒకటి పొగ చూస్తే అన్నీ అరవాలి. కింద నిప్పు పుడితే పైన నిద్రపోయేవాళ్ళు లేవాలి కదా, అందుకు. అయితే మొదలుపెట్టింది ఏదో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. మా వాటిలో మొదట పొగ చూసిన దాని ఎర్ర లైటు గబగబా మిణుకుతుంది, మిగతావి ఊరికే అరుస్తాయి. మీ దాంట్లో గుర్తు వేరుగా ఉండొచ్చు, పుస్తకంలో చూసుకోండి. మోగగానే మనవరాలు పైకి, నేను కిందికి. ఎర్ర లైటు ఎక్కడుందో కేకేసి చెప్పుకునేవాళ్ళం. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు, మంచి లైన్‌మ్యాన్ అవుతుంది.

ఐదు వారాల్లో బుక్కులో 14 ఎంట్రీలు పడ్డాయి. వంటిల్లు ఎనిమిది, స్నానాల గది మూడు, హీటరు ఒకటి, అర్ధరాత్రి కిచ్‌కిచ్ ఒకటి, ఏ కారణమూ తెలియనిది ఒకటి. అందరూ ఒకే జబ్బు అనుకున్నది నిజానికి ఐదు జబ్బులు.

వంటింటి సంగతి ముందు. కింది హాల్లో ఉన్న అలారం పొయ్యికి 11 అడుగుల దూరంలో ఉంది, టేపు పెట్టి కొలిచాను. అమెరికాలో ఎన్ఎఫ్‌పీఏ అనే అగ్నిప్రమాదాల నివారణ సంస్థ రాసే నియమాల ప్రకారం పొయ్యికి పదడుగుల లోపల వీటిని పెట్టకూడదు. పది నుంచి ఇరవై అడుగుల మధ్య అయితే ఫొటోఎలక్ట్రిక్ (వెలుగుతో పొగని పట్టే) రకమో, నొక్కి కాసేపు ఊరుకోబెట్టే బటన్ ఉన్నదో పెట్టాలి. మాది దూరంలో పాసైంది, రకంలో తప్పింది. బటనూ లేదు. నిచ్చెనెక్కి పావు చుట్టు తిప్పి దించితే వెనక 2007 అని తయారీ సంవత్సరం, లోపల అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం ఉందని ఒక గుర్తు. అంటే అయొనైజేషన్ రకం.

ఆ మాట వినగానే మా ఆవిడ "అణుబాంబు సరుకా ఏమండీ? దీని కిందే కూర్చుని కూరలు తరుగుతున్నాను" అంది. అంత లేదు. ఉండేది అతి స్వల్పం. అది విడిచే ఆల్ఫా కిరణాలు కాగితాన్ని కూడా దాటలేవు, విప్పి గోకనంతవరకు ఏమీ కాదు. ఆ కిరణాల వల్ల రెండు పలకల మధ్య గాలిలో సన్నటి కరెంటు పారుతుంది. పొగ రేణువులు దూరితే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. దీని పుట్టుక గురించి ఒక ముచ్చట చెబుతారు. 1930ల్లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే ఆయన విషవాయువుని పసిగట్టే పరికరం చేయబోయాడట. అది పని చేయలేదు. విసుగొచ్చి సిగరెట్టు వెలిగిస్తే ముల్లు కదిలిందట.

ఈ రకంతో చిక్కేమిటంటే, కంటికి కనపడని చిన్న చిన్న రేణువులంటే దీనికి మహా చురుకు. భగ్గుమని మండే మంటలో పుట్టేవి అవే. కాగిన నూనెలోంచి లేచేవీ అవే. పోపు గిన్నెలో పొగ మనకి కనపడకముందే దానికి కనపడుతుంది. మా ఆవిడ "ఎక్కడండీ పొగ, నూనె ఇంకా కాగనే లేదు" అన్న ప్రతిసారీ నిజమే చెప్పింది. అలారం చెప్పిందీ నిజమే.

ఫొటోఎలక్ట్రిక్‌ది వేరే పద్ధతి. మధ్యాహ్నం కిటికీ సందులోంచి గదిలోకి ఎండ పడితే ఆ చారలో దుమ్ము మెరుస్తుంది కదా, అదే. లోపల ఒక చిన్న లైటు, దానికి ఓరగా ఒక కన్ను. మామూలుగా ఆ కంటికి వెలుగు తగలదు. పొగ వస్తే వెలుగు చెదిరి కంట్లో పడుతుంది. సోఫాలోనో పరుపులోనో నివురుగప్పి రాజుకునే నిప్పుని ఇది ముందు పడుతుంది, వంట పొగకి అంత తొందరగా ఉలిక్కిపడదు. అలాగని పాత రకం పనికిరానిదనుకోవద్దు. మంట లేచే నిప్పు దగ్గర అదే కాస్త ముందుంటుంది, అందుకే రెండు రకాలూ ఇంట్లో ఉండాలని చెబుతారు.

వంటింట్లో ఇంకో దొంగ కూడా దొరికాడు. పొయ్యి మీద మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను. మా ఆవిడ పోపు పెట్టేముందు బుద్ధిగా ఫ్యాను ఫుల్లుగా పెట్టేది. ఫ్యాను వేసిన రోజునే అలారం ముందు మోగుతోందని బుక్కులో కనపడింది. నమ్మకం కుదరక ఒక అగరబత్తి వెలిగించి ఫ్యాను కింద పట్టుకున్నాను. పొగ లోపలికి పోయి, మైక్రోవేవ్ నెత్తి మీది జాలీలోంచి మళ్ళీ వంటింట్లోకే వచ్చింది. అక్కడి నుంచి పైకప్పు పట్టుకుని పాకుతూ నేరుగా హాల్లో అలారం వైపు. అది బయటికి గొట్టం ఉన్న ఫ్యాను కాదు, జిడ్డు వడకట్టి గాలిని ఇంట్లోకే వదిలేది. ఇక్కడ చాలా ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో ఇదే ఉంటుందని తర్వాత తెలిసింది. మూడేళ్ళుగా వీళ్ళు ఫ్యాను వేసి మరీ పొగని అలారానికి నైవేద్యం పెడుతున్నారు! మీ ఇంట్లో ఎలాంటిదో తెలియకపోతే అగరబత్తితో ఒక్క నిమిషం చూసుకోండి. పైసా ఖర్చు లేదు.

రెండో దొంగని నేనే. పై హాల్లో అలారం స్నానాల గది తలుపుకి రెండున్నర అడుగుల దూరంలో ఉంది. మూడడుగులైనా ఉండాలని నియమం. తెల్లవారుజామున పొగలు కక్కే వేడి నీళ్ళతో స్నానం చేసి తలుపు బార్లా తీసుకుని బయటికి రావడం నా అలవాటు. నా వెంట ఆవిరి, ఆవిరి వెంట అలారం. మూడుసార్లూ టైము ఐదున్నర, మూడుసార్లూ నేనే. మా అమ్మాయి ఏమీ అనలేదు గానీ బుక్కులో ఆ గడి చూసి నవ్వింది.

హీటరుది ఒక్కరోజు ముచ్చట. నవంబరు మధ్యలో మొదటి చలి రాత్రి హీటరు వేశారు. ఏడాదిగా లోపల పేరుకున్న దుమ్ము కాలి, కమురు వాసన గొట్టాల్లోంచి వచ్చింది. ఇకమీదట మొదటిసారి పగటిపూట, కిటికీలు తీసి వేయమని చెప్పాను.

ఇక అర్ధరాత్రి కిచ్. మూడు గంటలకి మొదలై తెల్లారేసరికి ఆగిపోయేది, మళ్ళీ మర్నాడు రాత్రి మూడింటికే. ఇంట్లో దయ్యముందని మనవరాలు తీర్మానించింది. దీనికి కారణం మాత్రం నాకు వెంటనే తట్టింది. ఆ వేళకి ఇల్లు బాగా చల్లబడుతుంది, చల్లబడితే అరిగిపోయిన బ్యాటరీ వోల్టేజీ ఇంకాస్త పడిపోతుంది. పగలు వేడెక్కి మళ్ళీ నెట్టుకొస్తుంది. కానీ ఏ అలారమో పట్టుకోవడం కష్టం. ఈ ఒక్క కిచ్ మిగతావాటికి పాకదు, ఎర్ర లైటు గుర్తూ రాదు. ఒక్కో అలారం కింద రెండేసి నిమిషాలు నిలబడటమే మార్గం. నిలబడింది నేను కాదు, మా ఆవిడ. ఎందుకో తర్వాత చెబుతాను.

కారణం తెలియని ఆ ఒక్కటి ఓ మధ్యాహ్నం మోగింది. వంట లేదు, స్నానం లేదు. ఎర్ర లైటు పడగ్గది ముందున్న దాని మీద. దించి చూస్తే జాలీ లోపల ఒక బుల్లి సాలీడు, దాని గూడు. వాక్యూమ్ క్లీనరుకి మెత్తటి బ్రష్షు తగిలించి చుట్టూ లాగితే సరిపోయింది. ఆరు నెలలకోసారి అన్నిటికీ అలా చేస్తే మంచిది. తుడిచే మందులు, స్ప్రేలు మాత్రం కొట్టొద్దు.

ఇవన్నీ చూశాక బ్యాటరీలు మార్చి, దుమ్ము దులిపి ఊరుకోవచ్చు కదా అన్నాడు అల్లుడు. ఊరుకునేవాణ్ణేమో. మేం పడుకునే గదిలో అలారం చూడకపోయి ఉంటే.

ఆ గదిలో దాని మీద స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ ఉంది. తెల్లటి పైకప్పు మీద తెల్లటి టోపీ, నెలరోజులు దాని కిందే పడుకున్నా కనపడలేదు. అడిగితే అమ్మాయి నోటి మీద చెయ్యి వేసుకుంది. 2021లో గృహప్రవేశం. పంతులుగారు హోమం మొదలుపెట్టే ముందు అన్ని అలారాలకీ టోపీలు తొడిగారు. ఇక్కడ అందరూ చేసే పనే. సాయంత్రం ఆరు తీశారు. ఏడోది మర్చిపోయారు. మూడేళ్ళు ఆ గదిలో ఎవరు పడుకున్నా, వియ్యపురాలు గారు వచ్చి ఉన్న ఐదు నెలలతో సహా, వాళ్ళ నెత్తి మీద ఉన్నది ఉత్త డబ్బా. టోపీ తీసి టెస్టు బటన్ నొక్కాను. మోగలేదు.

ఇక్కడి లెక్కల ప్రకారం ఇళ్ళలో నిప్పు వల్ల పోయే ప్రతి ఐదుగురిలో దాదాపు ముగ్గురు, అలారం లేని ఇంట్లోనో, ఉన్నా పని చేయని ఇంట్లోనో పోతున్నారు. పని చేయకపోవడానికి పెద్ద కారణం బ్యాటరీ లేకపోవడం, తీగ పీకేసి ఉండటం. ఎందుకు పీకేస్తారంటే ఊరికే మోగుతోందని. పోపుకి మోగిన అలారం అలా చంపుతుందన్నమాట. అదీగాక వీటి ఆయుష్షు తయారైన నాటి నుంచి పదేళ్ళు. మావి పదిహేడేళ్ళవి. ఆ సాయంత్రమే అల్లుడు ఏడూ ఆర్డర్ పెట్టాడు.

ఎంచుకునేటప్పుడు నేను చూసినవి రెండే. ఫొటోఎలక్ట్రిక్ అయి ఉండాలి, పెట్టె మీద యూఎల్ 217 అనే అలారాల భద్రతా ప్రమాణంలో కొత్తది, అంటే ఎనిమిదో ఎడిషన్ గానీ ఆ తర్వాతది గానీ రాసి ఉండాలి. 2024 మధ్య నుంచి ఇక్కడ తయారయ్యేవి దానికి తగ్గట్టు ఉండాలి. అందులో నివురు నిప్పుకీ, మండే నిప్పుకీ రెంటికీ పరీక్ష ఉంది. వంట పొగకి తొందరపడకూడదన్న పరీక్ష కూడా ఉంది. అదెలా చేస్తారో తెలుసా? హాంబర్గర్ ముక్కలు కాల్చి! ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి చూడాలని వాళ్ళకి తోచలేదు. ఆ మిగిలిన పరీక్ష మా ఆవిడ పెట్టింది.

బిగించడం గంటన్నర పని. గ్యారేజీలో బ్రేకరు దించి, టెస్టరుతో చూసుకుని మరీ పైకెక్కాను. పాత ప్లగ్గు కొత్తదానికి పట్టదు గానీ పెట్టెలోనే అడాప్టరు ఇచ్చారు, తీగ ముట్టుకునే పని లేకపోయింది. ముట్టుకునే పని ఉంటే నేను ఆగిపోయేవాణ్ణి, కారణం చెబుతాను. పైకప్పు డబ్బాలో మూడు తీగలు కనపడ్డాయి. నల్లది, తెల్లది, ఎర్రది. మన దగ్గర జీవితమంతా ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్ అని చేతికి నేర్పాను. ఇక్కడ నల్లది ఫేజు, తెల్లది న్యూట్రల్. ఆ ఎర్రది ఏడింటినీ కలిపే సిగ్నలు తీగ. నాలాంటి అనుభవజ్ఞుడే ఇక్కడ ముందు షాకు తింటాడు. మన ఊరి నుంచి వచ్చిన నాన్నలూ మామయ్యలూ "నేను చూస్తాలే" అని స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

ఒకే కంపెనీవి కాని అలారాలని కలిపి ఆ తీగకి తగిలించొద్దు, సిగ్నళ్ళు కలవవు. పాతవి దించాక డ్రాయర్లో పెడితే రాత్రంతా అక్కడి నుంచే కిచ్‌మన్నాయి. బ్యాటరీ తీసి, టెస్టు బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ప్రాణం పోతుంది. అమెరీషియం ఉన్నవి కాబట్టి తీసుకుంటారో లేదో కనుక్కుని కంపెనీకే పార్సిల్ చేశాం.

ఇక ఫలితం. పోపు పెట్టిన మొదటిరోజు నలుగురం అలారం కింద తలెత్తి నిలబడ్డాం. మోగలేదు. ఇనప పెనం మీద నెయ్యి దోసెలు పదకొండు, మోగలేదు. వంజరం వేపుడు, మోగలేదు. సంక్రాంతికి గారెలు, అరిసెలు, మోగలేదు. శనివారం సాంబ్రాణి ధూపం పూజగదిలో పెడితే పర్వాలేదు, ఒకసారి నేరుగా పడగ్గది అలారం కింద తిప్పితే మోగింది. అది దాని తప్పు కాదు. కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయించినప్పుడు ఇంట్లో అందరం దగ్గి చచ్చాం గానీ అది మాత్రం చలించలేదు. నాలుగు నెలల్లో వంట మీద ఊరికే మోగింది ఒక్కసారి, తలుపులన్నీ మూసి చికెన్ వేపుడు చేసిన రోజు. చీపురు కర్రతో మధ్య బటన్ నొక్కితే ఊరుకుంది. ఎనిమిది పది నిమిషాలు ఊరుకుని మళ్ళీ తనంతట తాను కాపలాకి వస్తుంది. ఈ బటన్ ఒక్కటే 29 డాలర్ల విలువ చేస్తుంది, ఎందుకంటే ఇది ఉంటే ఎవరూ బ్యాటరీ పీకరు.

నిజంగా మోగిందీ ఒకరోజు ఉంది. పల్లీలు సన్న సెగ మీద పెట్టి మా ఆవిడ తెనాలి చెల్లెలితో వీడియో కాల్లో పడింది. నేను పైన ఉన్నాను. మూడు కూతలు. ఈసారి తువ్వాలు ఎవరూ తియ్యలేదు, అందరూ వంటింట్లోకి పరుగెత్తారు. బాణలిలో పల్లీలు బొగ్గయ్యాయి, మంట లేవలేదు. నాలుగు నక్షత్రాల్లో రెండు ఆ రోజువే.

స్నానాల గది దగ్గరది మాత్రం కొత్తది పెట్టాక కూడా ఒకసారి ఆవిరికి మోగింది. వెలుగు చెదరడానికి ఆవిరైనా ఒకటే, పొగైనా ఒకటే. చోటు తప్పయితే ఎంత మంచిది పెట్టినా అంతే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి దాన్ని హాలు అవతలి వైపుకి మార్పించాం, 160 డాలర్లు. కుర్రవాడు నలభై నిమిషాల్లో ముగించాడు, పని శుభ్రంగా ఉంది. ఆ డబ్బు లేకపోతే స్నానం అయ్యాక తలుపు మూసి పది నిమిషాలు ఎగ్జాస్టు ఫ్యాను వదిలేయండి చాలు.

ఇక ఐదో నక్షత్రం. బటన్ నొక్కి పరీక్షించే రోజు మా అమ్మాయి నన్ను గదిలో తలుపేసుకుని పడుకోమంది. కింద హాల్లో ఉన్న ఒక్కదాన్నే, మిగతావాటితో కలపకుండా మోగించారు. నాకు వినపడలేదు. మా ఆవిడ తట్టి లేపింది. కిచ్‌మంటున్నది వెతకడానికి నేను పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ అలారాల కూత 3000 హెర్ట్జ్‌లకి కాస్త పైన, సన్నగా ఉంటుంది. వయసు మీదపడితే మొదట పోయేది ఆ సన్నటి శబ్దాలే. వినికిడి తగ్గినవాళ్ళ కోసం 520 హెర్ట్జ్‌ల బొంగురు కూత వేసేవి ఉన్నాయి, అది నిద్రలోంచి బాగా లేపుతుంది. మేం కొన్న మోడల్లో అది లేదు. పెట్టె మీద హాంబర్గర్ల సంగతి రాసే జాగాలో ఆ సంగతి కూడా రాయొచ్చు. ప్రస్తుతానికి మా గదిలో ఉన్నది కూడా అన్నిటితో కలిసి మోగుతుంది కాబట్టి, నెత్తి మీదే అరుస్తుంది కాబట్టి లేస్తాను. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు వాళ్ళు పడుకున్నాక ఒకసారి బటన్ నొక్కి చూడండి. ముందు చెప్పకుండా.

వచ్చే వారం తెనాలి ప్రయాణం. బ్యాటరీ మీద నడిచేది, పదేళ్ళది ఒకటి విడిగా కొని చేతిసంచీలో పెట్టుకున్నాను. ఎక్కడ బిగించాలా అని నిన్న కాగితం మీద మా ఇంటి కొలతలు వేసి చూశాం. పొయ్యికి పదడుగుల అవతల, స్నానాల గదికి మూడడుగుల అవతల, ఫ్యాను రెక్కలకి మూడడుగుల అవతల. అన్నీ కుదిరే చోటు వీధి అరుగు ఒక్కటే తేలింది.